ఎంత అడిగారు?

ఏవండోయ్, మిమ్మల్నే. సోఫాలో కాళ్లు చాపుకుని, పక్కన మిక్చరు ప్లేటు పెట్టుకుని కథ మొదలెట్టిన మిమ్మల్నే. ముందు ఆ చెయ్యి తుడుచుకోండి. నన్నెవడూ మోసం చెయ్యలేడని నలుగురిలో చెప్పుకునే రకం కదూ మీరు? హోటల్లో బిల్లు రాగానే కళ్లజోడు వెతుక్కునే రకం, పాలవాడి మొహం చూసి పాలల్లో నీళ్లెన్నో చెప్పేసే రకం. అయితే ఈ కథ మీ కోసమే. ఇందులో కృష్ణమోహన్ అని ఒకాయన ఉన్నాడు. అనుమానంలో ఆయన పక్కన నిలబెడితే మీరు పసిపిల్లలు.

కృష్ణమోహన్ ఇల్లు ఎడిసన్‌లో, ఆఫీసు పార్సిప్పనీలో. న్యూజెర్సీలో కారుకి గ్యాసు, అదే పెట్రోలు, మనం పోసుకోనక్కర్లేదు. అద్దం దించి కార్డు ఇస్తే బంకు మనిషే పోసేస్తాడు. ఊరంతా వెచ్చగా కారులో కూర్చునుంటే, కృష్ణమోహన్ ఒక్కడూ ఫిబ్రవరి చలిలో కిందికి దిగి, మీటరు సున్నా దగ్గరుందో లేదో వంగి చూసి, ఉందని తేలాక కూడా నమ్మకం కుదరక అక్కడే చేతులు రుద్దుకుంటూ నిలబడతాడు. ఓక్ ట్రీ రోడ్ దుకాణంలో 'దయచేసి బెండకాయల తోకలు విరవకండి' అని బోర్డు పెట్టించిన ఘనత ఆయనదే. పదో తరగతి చదివే కూతురు ఇషా ఒకసారి అననే అంది: "నాన్నా, అందర్నీ అలా చూస్తావ్ కదా, స్టోర్‌లో వాళ్లకి నువ్వే సస్‌గా, అదే, దొంగలా కనిపిస్తావ్."

ఇంత మనిషీ మీటరు చూడకుండా నమ్మేది ఒక్కరినే. ఆయన పేరు పద్మనాభం. కంపెనీ యజమాని. ఆఫీసుగదిలో వెంకటేశ్వరస్వామి పటం, టేబుల్ మీద ఎప్పుడూ జీడిపప్పు డబ్బా, నోట్లో ఎప్పుడూ 'తమ్ముడూ' అన్న పిలుపు.

ఆ సోమవారం ఆఫీసుకి జాంబియా నుంచి ఒకావిడ వచ్చింది. ఆఫ్రికాలో కొన్ని దేశాలు కలిసి లంచాల మీద ఫిర్యాదు చేసే ఫోన్ లైన్ ఒకటి పెట్టుకుంటున్నాయి. ఎవరైనా లంచం అడిగితే జనం ఆ నంబరుకి ఫోన్ చేసి చెప్పొచ్చు. దాని సాఫ్ట్‌వేర్ పని ఒక పెద్ద అమెరికన్ కంపెనీకి దక్కింది. ఆ పెద్ద కంపెనీ అందులో ఒక ముక్క విరిచి పద్మనాభానికిచ్చింది. పని సరిగ్గా జరిగిందో లేదో చూసుకుని, శుక్రవారం అందరి ముందూ నడిపించి చూసి, సంతకం పెట్టి వెళ్లడానికి వచ్చిందావిడ. పేరు చిలేషె. యాభై దాటిన మనిషి. తలకి పూలపూల గుడ్డ చుట్టుకుంది, కళ్లజోడు గొలుసుకి వేలాడుతోంది. సంచిలోంచి తన టీ ప్యాకెట్ తనే తీసుకుని, వేడినీళ్లు మాత్రం అడిగింది.

నీళ్లు తెచ్చిచ్చింది నాగమల్లేశ్వరి. టెస్టింగ్ చేసే అమ్మాయి, సిద్దిపేట పిల్ల, ఆఫీసులో అందరికీ మల్లి. తెచ్చిస్తూ మిసెస్ చిలేషె అని పిలవబోతే ఆవిడ నవ్వి, "మా దగ్గర పెద్దవాళ్ల పేరుకి ముందు 'బా' అని పెడతారు" అంది.

"మేం ఎనకాల 'గారు' పెడతం" అంది మల్లి ఇంగ్లీషులో కొంచెం, తెలుగులో కొంచెం. ఇద్దరూ నవ్వుకున్నారు. అదేమంత నవ్వాల్సిన విషయమని కృష్ణమోహన్ అప్పుడే వాళ్లిద్దరి వంకా ఒక చూపు చూశాడు.

కాన్ఫరెన్స్ గదిలో తెర మీద ఆయన తన పని చూపించాడు. ఫోన్ ఎత్తినవాళ్లు అడగాల్సిన ప్రశ్నలు వరసగా వస్తాయి. ఎక్కడ జరిగింది, ఎవరు అడిగారు, ఎంత అడిగారు. మూడో ప్రశ్న పక్కన ఎర్ర చుక్క. అంకె వెయ్యకపోతే అక్కణ్ణించి ముందుకి కదలదు. ఆ అంకెలన్నీ పోగై చివర్లో జిల్లాల వారీగా నీలం రంగు స్తంభాలు లేస్తాయి. ఆ స్తంభాలంటే కృష్ణమోహన్‌కి ప్రాణం. మౌస్ పెడితే మెరిసేట్టు కూడా చేశాడు.

చిలేషె స్తంభాల వంక చూడలేదు. "ఆ ఎర్ర చుక్క తీసెయ్యండి" అంది.

"మేడమ్, అది తీసేస్తే గ్రాఫ్ ఎలా వస్తుంది?"

"గ్రాఫ్ ఎవరి కోసం?"

"మీ కోసమే. లంచం అన్నాక ఒక అంకె ఉంటుంది కదా. డబ్బు కాకపోతే ఇంకేం అడుగుతారు, కోడినా, మేకనా?"

ఆయన జోకుకి బల్ల చుట్టూ ఇద్దరు ముగ్గురు నవ్వారు. మల్లి నవ్వలేదు. కీబోర్డు మీద ఏదో ఒక అక్షరాన్ని గోటితో గీకుతూ కూర్చుంది.

చిలేషె టీ ఒక గుక్క తాగింది. "మాకు ఇదివరకు చిన్న లైన్ ఒకటుండేది. ఒకమ్మాయి ఫోన్ చేసింది. నర్సు. ఆ కాల్ తీసింది నేనే. ఊరికి దగ్గరగా పోస్టింగ్ కావాలంటే ఆఫీసరు అడుగుతున్నాడమ్మా అంది. ఎంత అడిగాడు అన్నాను. కాసేపు ఊపిరి మాత్రం వినపడింది. తర్వాత లైన్ కట్టయింది. ఆ అమ్మాయి మళ్లీ చెయ్యలేదు. ఆడవాళ్ల దగ్గర చాలాసార్లు అడిగేది డబ్బు కాదు. మీ మూడో ప్రశ్న దగ్గర వాళ్లు ఫోన్ పెట్టేస్తారు."

కృష్ణమోహన్‌కి లోపల ఒక గంట మోగింది. కథ బాగానే చెబుతోంది, కానీ అంకె లేకుండా చెయ్యమంటోంది. అంకె లేకపోతే లెక్క ఉండదు. లెక్క లేకపోతే ఎవరికి లాభం?

"సున్నా కొట్టి కూడా ముందుకి పోలేరు మేడమ్" అన్నాడు గర్వంగా. "ఊరికే కక్షకొద్దీ ఫిర్యాదులు చేసేవాళ్లని ఆపడానికి నేనే పెట్టాను ఆ చెక్."

చిలేషె కళ్లజోడు కిందికి దించి ఆయన్ని చూసింది. "మీరు చాలా జాగ్రత్త మనిషి" అంది.

అది పొగడ్తే అనుకున్నాడు కృష్ణమోహన్.

సాయంత్రం పద్మనాభం గదిలోకి పిలిచి జీడిపప్పు డబ్బా ముందుకి తోశాడు. "ఏమయ్యా తమ్ముడూ, ఆవిడ వాలకం ఎలా ఉంది?"

"చుక్క తీసెయ్యమంటోందన్నా. అంకెలు కనపడకూడదు ఆవిడకి. వెనకాల ఏదో ఉంది."

"నాకూ అదే అనిపించింది. నీ కంటికి చిక్కనిదేముందిలే." పద్మనాభం కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇంకోటి. మన మల్లేశ్వరి ఆవిడతో మరీ రాసుకుపూసుకు తిరుగుతోంది. ఆ పిల్ల వీసా ఎక్స్‌టెన్షన్ పేపర్లు నా దగ్గరే ఉన్నాయి. నెలాఖరు లోపల నేను సంతకం పెట్టి ఫైల్ చెయ్యకపోతే పెట్టె సర్దుకోవాల్సిందే. అయినా లెక్కలేదయ్యా. అట్లాంటిక్ సిటీలో మీటింగుంది, నలుగురు క్లయింట్లని కలుద్దువుగాని రా అంటే రానంటుంది. ఎవరి అండ చూసుకునో తెలియాలి. వాళ్లిద్దరి మీదా ఓ కన్నేసి ఉంచు. ఎక్కడికెళ్తున్నారో, ఏం మాట్లాడుకుంటున్నారో నాకు చెబుతూ ఉండు. ఈ కాంట్రాక్టు పోతే ఇంతమంది కుటుంబాలు రోడ్డున పడతాయి."

కృష్ణమోహన్ గుప్పెడు జీడిపప్పు తీసుకున్నాడు. ఇన్నేళ్ల అనుమానానికీ ఇన్నాళ్లకి ఒక ఉద్యోగం దొరికినట్టయింది.

మంగళవారం రాత్రి చిలేషెని భోజనానికి పిలిచాడు. ఒక్కావిణ్ణే పిలిస్తే బాగుండదని మల్లినీ రమ్మన్నాడు. భార్య రేణు మెటూచెన్‌లో డెంటిస్ట్ దగ్గర ఫ్రంట్ డెస్క్ చూస్తుంది. ఆ రోజు తొందరగా వచ్చి గుత్తొంకాయ, పులిహోర, టమాటా పప్పు చేసింది. చిలేషె చెంచా పక్కన పెట్టేసి చేత్తోనే కలుపుకుని తింది. "మేమూ మా మొక్కజొన్న సంకటిని, నషిమాని, ఇలాగే ముద్ద చేసుకుని కూరలో అద్దుకుంటాం" అంది. వంకాయ తొడిమ దాకా తినడం చూసి రేణు మురిసిపోయింది. కృష్ణమోహన్ మాత్రం ఆవిడ తినడం చూడటం లేదు. ఆయన చూపంతా హాల్లో సోఫా పక్కన రేణు సర్ది పెట్టిన సంచి మీద ఉంది.

ఇంటికొచ్చిన ఆడమనిషిని బొట్టు పెట్టకుండా, జాకెట్టు ముక్క ఇవ్వకుండా పంపదు రేణు. సంచిలో జాకెట్టు ముక్క, రెండు అరటిపళ్లు, పసుపు కుంకుమ పొట్లాలు ముందే పెట్టి ఉంచింది. కృష్ణమోహన్ ఆ ముక్క మడతలో వెండి కుంకుమ భరిణె ఒకటి దూర్చాడు. లంచగొండి అయితే నోరు మెదపకుండా పట్టుకుపోతుంది, నిజాయితీపరురాలైతే అక్కడికక్కడే తీసి ఇచ్చేస్తుంది. తన తెలివికి తనకే ముచ్చటేసి బాత్రూమ్ అద్దంలో ఒకసారి మొహం చూసుకుని వచ్చాడు.

భోజనాలయ్యాక ఆడవాళ్లు ముగ్గురూ వంటింట్లోకి వెళ్లారు. మొదట నవ్వులు వినిపించాయి. తర్వాత నవ్వులు ఆగిపోయాయి. కుళాయి మాత్రం ఆగకుండా పోతూనే ఉంది. గిన్నెల చప్పుడు లేదు. కృష్ణమోహన్ టీవీ సౌండ్ తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. అయినా నీళ్ల చప్పుడే. బేరం జరుగుతోందన్నమాట. తన ఇంట్లోనే, తన కుళాయి అడ్డం పెట్టుకుని.

వాళ్లు బయటికొచ్చేసరికి మల్లి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిపాయలేమో అనుకోడానికి ఇప్పుడు తరిగేదేముంది? రేణు బొట్టు పెట్టి సంచి అందించింది. చిలేషె రెండు చేతులతో తీసుకుని, మోకాళ్లు కొంచెం వంచి దణ్ణం లాంటిది పెట్టింది. సంచిలోకి తొంగి కూడా చూడకుండా బయల్దేరింది. మల్లి ఆవిణ్ణి హోటల్లో దించుతానని వెంట వెళ్లింది.

తలుపేసి వచ్చి కృష్ణమోహన్ అడిగాడు. "లోపల ఏం మాట్లాడుకున్నారు?"

"వంకాయ కూర ఎలా చెయ్యాలో చెప్పా."

"అంతసేపా?"

"గుత్తొంకాయ కదా" అంది రేణు, స్టవ్ తుడుస్తూ.

మర్నాడు మధ్యాహ్నం మల్లి ఆయన సీటు దగ్గరికి వచ్చింది. ఆ రోజు చిలేషె హోటల్లోనే పని చూసుకుంటానని ఆఫీసుకి రాలేదు.

"కృష్ణమోహన్ గారూ, నేను జర తొందరగ పోతున్న. డెంటిస్ట్ దగ్గర పనుంది."

"ఏ పన్ను?"

మల్లి ఒక క్షణం ఆగింది. "కిందిది."

ఆ క్షణం చాలు ఆయనకి. పైగా అంతకుముందే కాఫీ మెషిన్ దగ్గర ఆ పిల్ల ఫోన్లో 'ఓక్ ట్రీ' అనడం విన్నాడు. మల్లి కారు వెనకే తన నీలం కారు వేసుకుని టూ ఎయిటీ సెవెన్ హైవే ఎక్కాడు. మధ్యలో ఒక పెద్ద ట్రక్కు అడ్డమొచ్చి మల్లి కారు తప్పిపోయింది. ఆయన కంగారు పడలేదు. నేరుగా ఓక్ ట్రీ రోడ్‌కి పోయి ఒక్కొక్క పార్కింగ్ లాటూ గాలించాడు. కాసేపటికి ఒక టిఫిన్ హోటల్ ముందు మల్లి కారు కనిపించింది. పక్కన కిరాణా కొట్టు తోపుడు బళ్ల వరస చాటున తన కారు ఆపి, హీటర్ పెంచి, సీటులో కిందికి జారి కూర్చున్నాడు.

హోటల్ అద్దంలోంచి అంతా కనిపిస్తోంది. ఎదురుగా చిలేషె. పక్కన మల్లి. ఇటు వీపు పెట్టి ఇంకో ఆడమనిషి, మెరూన్ రంగు కోటు, తలమీదికి లాక్కున్న టోపీ. మల్లి ఫోన్ తీసి బల్ల మీద జరిపింది. చిలేషె కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చదివింది. వేలితో పైకి జరుపుతూ చదివింది. చదివి కళ్లజోడు తీసేసి, మల్లి చేతి మీద తన చెయ్యి వేసి అలాగే ఉంచింది. మల్లి పేపర్ నాప్‌కిన్‌తో మొహం తుడుచుకుంది. మెరూన్ కోటు మనిషి ఎవరికో ఫోన్ చేసి, అది మల్లికిచ్చి మాట్లాడించింది. అప్పుడు చిలేషె కాళ్ల దగ్గర్నించి ఒక సంచి పైకి తీసింది. కృష్ణమోహన్ సీటులో లేచి కూర్చున్నాడు. అది తన ఇంటి సంచే. చీరల కొట్టు పేరున్న సంచి. చిలేషె దాన్ని మెరూన్ కోటు మనిషికి అందించింది.

వెంటనే పద్మనాభానికి ఫోన్ చేశాడు. "అన్నా, పట్టుకున్నాను. ఇద్దరూ ఓక్ ట్రీ రోడ్‌లో ఉన్నారు. మధ్యలో ఇంకో ఆవిడ."

"ఎవరావిడ?"

"బ్రోకరన్నా. మొహం కనపడట్లేదు గానీ ఆ కూర్చున్న తీరులోనే తెలుస్తోంది. ఆరితేరిన మనిషి. ఫోన్లు చేయించడం, మాట్లాడించడం, అంతా దగ్గరుండి నడిపిస్తోంది. వెండి సామాను ఇప్పుడే ఆవిడ చేతిలోకి పోయింది, నా కళ్ల ముందే."

"వెండి సంగతి తర్వాత చూద్దాంలే. మల్లేశ్వరి ఏం చేసింది?"

"ఫోన్లో ఏదో చూపించింది."

అవతల జీడిపప్పు డబ్బా మూత పడిన చప్పుడైంది. "ఏం చూపించింది? మెసేజీలా? ఎంతసేపు చదివిందావిడ?"

వెండి గురించి అడక్కుండా ఈయన ఫోన్ గురించి అడుగుతాడేమిటి? కృష్ణమోహన్ బుర్రలో ఆ ముక్క ఒకసారి కదిలింది. కానీ హీటర్ వెచ్చగా ఉంది, విజయం కొత్తగా ఉంది. గ్యాసు బంకులో ప్రతిసారీ కిందికి దిగే మనిషి, ఆ ఒక్కసారి దిగలేదు.

ఆ రాత్రి రేణు ఆలస్యంగా వచ్చింది, చేతిలో రెండు తోటకూర కట్టలతో. తాజాగా వచ్చిందంటే ఆగానంది. కృష్ణమోహన్ కట్ట విప్పి చూశాడు. తాజాగానే ఉంది. వంక పెట్టడానికేం దొరకలేదు. ఇషా మేడమీంచి, "అమ్మా, నా కోట్ ఎక్కడుంది?" అని అరిచింది. "కార్‌లో ఉంది, రేపు తెచ్చిస్తా" అంది రేణు.

గురువారం పొద్దున ఆయన ఆఫీసుకి వెళ్లేసరికి మల్లి గాజు తలుపు బయట నిలబడి ఉంది. బ్యాడ్జి పెడితే ఎర్ర దీపం వెలుగుతోంది. ఇంకోసారి పెట్టింది. మళ్లీ ఎర్ర దీపం. కృష్ణమోహన్ తన బ్యాడ్జితో తలుపు తీశాడు గానీ ఆ పిల్ల లోపలికి రాలేదు.

"నిన్న నీలం కారు మీదే గదా? ఎనక అద్దం మీద వినాయకుడున్నడు."

"డెంటిస్ట్ అన్నావ్ నువ్వు" అన్నాడు ఆయన, ఇంకేమనాలో తోచక.

"పద్మనాభం సార్ పొద్దుగాల్నే ఫోన్ చేసిండు. ఎవరా బ్రోకరు, కూసున్న తీరులనే తెలుస్తదంట, ఎవరికి చూపించినవ్ నా మెసేజీలు అని అరిసిండు. ఇయ్యాల్టి సంది రావొద్దన్నడు. నా పేపర్లు ఫైల్ చెయ్యడంట." మల్లి గొంతు పెంచలేదు. "ఒక్కటి చెప్పున్రి. మీరు తెలిసి చెప్పిన్రా, తెల్వక చెప్పిన్రా?"

"ఏది తెలిసి?"

ఆ పిల్ల ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. ఆయన మనుషుల్ని చూసేట్టే, కింద నుంచి పైదాకా. తర్వాత భుజాలు కిందికి దిగాయి.

"తెల్వదు" అంది, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "నా సీటు మీద మనీప్లాంట్ ఉంది. దానికి నీళ్లు పోయున్రి." కోటు గుండీలు పెట్టుకుంటూ వెళ్లిపోయింది.

కృష్ణమోహన్ నేరుగా పద్మనాభం గదిలోకి వెళ్లాడు. "అన్నా, ఆ పిల్లని తీసేశారా?"

"తీసెయ్యక? కంపెనీ విషయాలు బయటికి చేరవేస్తుంటే? క్యారెక్టర్ మంచిది కాదు తమ్ముడూ, నీకు తెలీదు. నీ వల్లే కదా బయటపడింది." జీడిపప్పు డబ్బా ముందుకొచ్చింది. కృష్ణమోహన్ చెయ్యి దానిమీదికి వెళ్లి, ఖాళీగా వెనక్కొచ్చింది. నా మెసేజీలు, అంది మల్లి పద్మనాభం మాటల్ని చెబుతూ. కంపెనీ మెసేజీలు అనలేదు.

ఆయన వెళ్లి మనీప్లాంట్‌కి నీళ్లు పోశాడు. ఎక్కువయ్యాయి. టేబుల్ మీదికి కారాయి.

శుక్రవారం కాన్ఫరెన్స్ గది నిండిపోయింది. పెద్ద కంపెనీ నుంచి వచ్చినవాళ్లకి పెద్ద ఒక నెరిసిన జుట్టావిడ. చిలేషె గోడ పక్కన కూర్చుంది, టీ కప్పు రెండు చేతుల్లో పట్టుకుని. పద్మనాభం కొత్త సూటులో ఉన్నాడు. బొట్టు మాత్రం మామూలుగానే ఉంది. తెర మీద ఫిర్యాదు పేజీ వెలుగుతోంది, ఎర్ర చుక్కతో సహా.

"టెస్ట్ కాల్ ఒకటి నేను ఏర్పాటు చేశాను" అంది చిలేషె. "బయటి నుంచి చేస్తారు. ఫోన్ మీరే తీయండి మిస్టర్ కృష్ణమోహన్. మీ కంటే జాగ్రత్తగా ఎవరు రాస్తారు?"

ఆయన హెడ్‌సెట్ పెట్టుకున్నాడు. తెర అందరికీ కనిపిస్తుంది, మాట ఆయనొక్కడికే వినిపిస్తుంది. ఫోన్ మోగింది. ఇంగ్లీషులో ఒక ఆడగొంతు పలికింది. రెండు ముక్కల్లోనే ఆ గొంతు ఎవరిదో తెలిసింది ఆయనకి.

ఎక్కడ జరిగింది? న్యూజెర్సీ. టైప్ చేశాడు. బల్ల చుట్టూ ఒకరిద్దరు నవ్వారు, టెస్టు కాల్ కదా అని. ఎవరు అడిగారు? మా యజమాని. టైప్ చేశాడు. ఎంత అడిగారు?

జవాబు లేదు. ఊపిరి మాత్రం వినపడింది.

ఆయనకి ఆ నర్సు గుర్తొచ్చింది. సోమవారం కథలాగా విన్న నర్సు. మూడో గడిలో సున్నా కొట్టాడు. గడి ఎర్రబడింది. 'దయచేసి సరైన మొత్తం ఇవ్వండి' అంది. ఆ మాట రాసింది ఆయనే. మళ్లీ సున్నా కొట్టాడు. మళ్లీ ఎర్రబడింది. గాజు తలుపు ముందు బ్యాడ్జి పెట్టినట్టు, మళ్లీ మళ్లీ.

"కృష్ణమోహన్ గారూ" అంది మల్లి, తెలుగులో. "ఆయన డబ్బు అడగలేదు. అట్లాంటిక్ సిటీల హోటల్‌కు రమ్మన్నడు. వస్తెనే నా పేపర్ల మీద సంతకం పెడ్తనన్నడు. మీటింగ్ లేదు, ఏం లేదు. మెసేజీలున్నయ్."

"ఏమంటోంది తమ్ముడూ?" అన్నాడు పద్మనాభం వెనక నుంచి, నవ్వుతూనే. "లైన్ సరిగ్గా లేదా?"

కృష్ణమోహన్ వెనక్కి తిరగలేదు. "మల్లీ, రాయమంటావా?" అన్నాడు నెమ్మదిగా. "అందరూ చూస్తున్నారు."

"రాయున్రి. పేర్లు కూడ రాయున్రి. ఆయనది, నాది."

ఆయన పేజీ వదిలి సెట్టింగుల్లోకి వెళ్లాడు. మూడో ప్రశ్న పక్కనున్న టిక్కు తీసేశాడు. చుక్క పోయింది. స్తంభాల మీద తనకున్న మోజు కూడా ఆ నొక్కుతోనే పోయిందేమో, ఆ గడి ఖాళీగా వదిలేసి వివరాలు రాసే చోటికి దిగాడు. మల్లి చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో కొట్టడం మొదలుపెట్టాడు. పద్మనాభం పేరు తెర మీద అక్షరం తర్వాత అక్షరం పడింది.

నెరిసిన జుట్టావిడ తెరని రెండుసార్లు చదువుకుని అడిగింది. "ఇది టెస్ట్ డేటానా?"

"కాదండీ" అన్నాడు కృష్ణమోహన్.

ఆఫ్రికా కోసం కట్టిన లైన్లో మొట్టమొదటి నిజం ఫిర్యాదు పార్సిప్పనీ నుంచి నమోదైంది. పద్మనాభం లేచి ఏదో అనబోయాడు. ఎవరూ ఆయన వంక చూడకపోవడంతో సూటు గుండీ ఒకటి పెట్టుకుని, తీసుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. చిలేషె చల్లారిపోయిన టీ తాగేసి కప్పు కింద పెట్టింది.

సాయంత్రం కృష్ణమోహన్ ఇంటికి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. రేణు దోసెలు పోస్తోంది.

"పద్మనాభం..." అని మొదలుపెట్టాడు.

"తెలుసు. మల్లి ఫోన్ చేసింది. పెద్ద కంపెనీవాళ్లే తన వీసా ట్రాన్స్‌ఫర్ ఫైల్ చేస్తామన్నార్ట. మా క్లినిక్‌కొచ్చే లాయరమ్మ పేపర్లు చూస్తోంది. నెలాఖరు లోపలే అయిపోతుంది."

"మీ క్లినిక్‌కొచ్చే లాయరేంటి?"

రేణు అట్లకాడ కింద పెట్టి, పూజ అలమార తెరిచింది. అందులో వెండి కుంకుమ భరిణె, ఎప్పుడూ ఉండే చోట, తళతళలాడుతూ ఉంది.

"హోటల్‌కెళ్లి చూసుకుని వెంటనే ఫోన్ చేసిందావిడ, మేం ఇలాంటివి తీసుకోకూడదమ్మా అని. నాకు సిగ్గేసింది. మొన్న సంచితో సహా ఇచ్చేసింది. నువ్వూ చూశావుగా ఇవ్వడం."

కృష్ణమోహన్ భరిణె మూత తీసి చూసి, మళ్లీ పెట్టాడు. "డెంటిస్ట్ దగ్గరికి అంది మల్లి."

"డెంటిస్ట్ దగ్గరికే వచ్చింది. నన్ను ఎక్కించుకోడానికి. నా కోటు క్లినిక్‌లో కాఫీ పడి పాడైతే కార్లో ఇషాది ఉంటే వేసుకున్నా." రేణు వంటింటి కుర్చీ మీదున్న మెరూన్ కోటు తీసి తొడుక్కుంది. టోపీ తలమీదికి లాక్కుంది. ఆయనకి వీపు పెట్టి కుర్చీలో కూర్చుంది. "ఎవరండీ ఈ బ్రోకరు? ఆ కూర్చున్న తీరులోనే తెలుస్తోందా?"

దోసె మాడుతున్న వాసన వచ్చింది.

"నన్ను చూశావా అక్కడ?" అన్నాడు చివరికి.

"బళ్ల చాటున సగం కారు బయటికే ఉంది. హీటర్ వేసుకుని అద్దాలన్నీ మసకేసుకుని, మధ్యలో చేత్తో తుడుచుకుంటూ. చిలేషె గారైతే నీకు టీ పంపిద్దామంది."

"మరి నాకెందుకు చెప్పలేదే? వంటింట్లో ఆ రోజే తెలుసుగా నీకు. నాతో ఒక్క ముక్క అంటే..."

రేణు టోపీ వెనక్కి తోసి ఇటు తిరిగింది. ఇప్పుడు నవ్వడం లేదు. "ఆ పిల్ల బతిమాలింది, మీ ఆయనకి చెప్పకండి అక్కా అని. ఎందుకో తెలుసా? నువ్వు లోకంలో ఎవర్నీ నమ్మవు. నమ్మేది ఒక్కణ్ణి. చెబితే పోయి ఆయనకే చెప్తావు. చెప్పకపోయినా చెప్పావు."

కృష్ణమోహన్ స్టవ్ కట్టేసి, మాడిన దోసె పళ్లెంలో వేసుకుని, బల్ల దగ్గర కూర్చుని తినడం మొదలుపెట్టాడు. తిరగేసి చూసుకోలేదు.

అంత నవ్వకండి మరి. ఆ సంచిలో ఏముందోనని, ఆ మెరూన్ కోటు ఎవరోనని మెడ సాచింది ఆయనొక్కడే కాదు. ఓక్ ట్రీ రోడ్‌లో ఆ నీలం కారు వెనక సీట్లో మీరూ ఉన్నారు. రేణు చూసింది మిమ్మల్ని కూడా. మిక్చరు తింటున్నారట.